సైజు యాభై నాలుగు

ఫిబ్రవరి 12, బుధవారం

ఉద్యోగాల కోసం చెప్పే అబద్ధాలన్నీ రెజ్యూమె చివరి రెండు లైన్లలో ఉంటాయి. హాబీల దగ్గర. మా కాలేజీలో ప్లేస్‌మెంట్లకు ముందు మానస ఎక్కడినుంచో ఒక నమూనా తెచ్చింది. క్లాసంతా దాన్నే దించుకుని పేర్లు మార్చుకుంది. అందులో హాబీలు మూడు: సైక్లింగ్, గార్డెనింగ్, పుస్తక పఠనం. మానస గార్డెనింగ్ ఉంచుకుంది. వాళ్ళు ఉండేది మేడిపల్లిలో మూడో అంతస్తు, ఇంట్లో మొక్క అంటే ప్లాస్టిక్‌దే. దాన్ని ఇంతవరకు ఎవరూ అడగలేదు. నేను సైక్లింగ్ ఉంచుకున్నాను. నన్ను అడిగారు.

అడిగింది దామోదర్ సర్, ఇప్పటి నా మేనేజర్. బెజవాడ మనిషి, సైకిల్ పిచ్చి. ఇంటర్వ్యూలో పనికొచ్చే ప్రశ్నలు రెండడిగి, కాగితం కిందికి చూసి వెలిగిపోయాడు. "సైక్లింగా? టైర్లో గాలి ఎంత పెడతావ్?" అన్నాడు. "ఫుల్ సర్" అన్నాను. నవ్వాడు. ఆ నవ్వుతోనే ఉద్యోగం వచ్చిందని నా నమ్మకం.

ఈరోజు మీటింగ్‌లో చెప్పాడు: మార్చి 16 ఆదివారం కంపెనీ సైకిల్ రైడ్. ఉప్పల్ స్టేడియం దగ్గర మొదలు, పోచారం క్యాంపస్‌లో ముగింపు. ముందు వరసలో ఇద్దరు. ఒకరు ఆయన. రెండోది నేను. అందరూ చప్పట్లు కొట్టారు. ఎందుకు కొడుతున్నారో తెలియకుండా చప్పట్లు కొట్టడంలో మా టీమ్‌ను మించినవాళ్ళు లేరు.

మార్చి 31తో నా ప్రొబేషన్ అయిపోతుంది. ఉంచాలా పంపాలా అని రాసేది దామోదర్ సరే.

నాకు సైకిల్ తొక్కడం రాదు.

ఫిబ్రవరి 13

రాదంటే అసలు రాదు. ఇంట్లో సైకిల్ ఉండేది, డాడీది. నాచారంలో ప్లాస్టిక్ బకెట్ల కంపెనీలో ఆయన మెషిన్ ఆపరేటర్. పొద్దున ఆరింటికి దానిమీద పోయి, రాత్రి ఎనిమిదింటికి దానిమీదే వచ్చేవాడు. ఆదివారం చర్చి. అయినా నాకంటే నాలుగేళ్ళు చిన్నవాడు, తమ్ముడు బ్లెస్సన్, కడ్డీ కింద కాలు దూర్చి కైంచీ తొక్కుతూ ఎప్పుడో నేర్చేసుకున్నాడు. నేను అడిగాను. ఆడపిల్లకెందుకన్నారు.

అన్నా నాకేం బాధ లేదు. ఆ వయసులో నేను పుస్తకాలు చదువుకుంటున్నాను. బ్లెస్సన్ మా గల్లీ ఈ చివరినుంచి ఆ చివరికి ముప్ఫై ఎనిమిది సెకన్లలో వెళ్ళేవాడు.

ఫిబ్రవరి 19

తెలివైనవాళ్ళు ఏదైనా చేసేముందు దాని గురించి చదువుతారు. వారం నుంచి చదువుతున్నాను. ఆఫీసులోనే, రెండో స్క్రీన్ మీద. రోడ్ బైక్ అంటే హ్యాండిల్ పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగి ఉంటుంది, టైర్లు నా బొటనవేలంత సన్నం, సీటు కూర్చోవడానికి కాదు, ప్రాయశ్చిత్తానికి. దీనికి జనం స్కూటర్ ధర పెడతారు.

"మొదటి రోడ్ బైక్ కొనేవారికి పది సలహాలు" అని ఒకాయన రాశాడు. అల్యూమినియమా, కార్బనా, గేర్లెన్ని, బ్రేకు ఏ రకం. పదిలో ఒక్కటి కూడా "ముందు తొక్కడం నేర్చుకో" అని లేదు. మర్యాదస్తుడు.

కస్టమర్ల కంప్లయింట్లను మా దగ్గర టికెట్లంటారు. ఈరోజు మూడు టికెట్లు మిగిలాయి. రేపు చూడొచ్చు.

ఫిబ్రవరి 24

క్యాంటీన్‌లో దామోదర్ సర్ తన డబ్బా తెచ్చుకుని మా టేబుల్ దగ్గర కూర్చున్నాడు. సైకిల్ కబుర్లు. "నాది యాభై నాలుగు సైజు ఫ్రేమ్. నీది?" అన్నాడు.

"నాదీ యాభై నాలుగే సర్."

నన్ను తలనుంచి కాళ్ళదాకా ఒకసారి చూశాడు. "ఓహో" అన్నాడు. ఆయన దాదాపు ఆరడుగులు, నేను ఐదు అడుగుల రెండంగుళాలు. ఈ సైజుల సంగతి నేనింకా చదవలేదు. చదివేది రేపే.

ఆయన లేచాక, నాతోపాటే ఇక్కడ చేరిన మానస నా చేయి గిల్లింది. "చెప్పేయ్‌వే. ఇప్పుడైతే నవ్వి ఊకుంటడు."

"నువ్వు నీ తోట చూపించు, నేను చెప్తా."

"నన్ను ఎవ్వరడిగిన్రు? నేను నీ లెక్క ముందు వరసల నిలబడ్తలేను గద."

స్నేహితులంటే ఇదే. నమూనా వాళ్ళది, ఉరి మనది.

ఐదు టికెట్లు.

మార్చి 8, శనివారం

కొన్నాను.

ఉప్పల్‌లో మెట్రో స్తంభాలకు ఎదురుగా ఉంది షాపు. బయట గులాబీ బుట్టల పిల్లల సైకిళ్ళు తాళ్ళకు వేలాడుతున్నాయి. లోపల గోడకు మూడు రోడ్ బైకులు, పెళ్ళి చీరల్లా పాలిథీన్ కవర్లలో. షాపతని పేరు మహిపాల్. చేతులకు గ్రీజు, చెవిలో పెన్సిలు.

"ఎవరికి మేడం, తమ్మునికా?"

"నాకే."

"మీకైతే గీ బుట్టది సూడున్రి. లేడీస్ మస్తు తీస్కపోతున్రు."

నేను నెలరోజుల చదువంతా అతని మీద కుమ్మరించాను. ముందు చక్రాన్ని పట్టే ఫోర్కు దేనితో చేశారు, వెనక చక్రానికి పళ్ళెన్ని, బ్రేకు వైరు లోపలా బయటా. మహిపాల్ పెన్సిలు చెవిలోంచి తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. నాకు చాలా తృప్తిగా అనిపించింది.

"యాభై నాలుగు సైజు కావాలి" అన్నాను.

"మీ హైట్‌కు నలభై తొమ్మిది, యాభై. గంతకు మించి పోవద్దు. జర ఎక్కి సూడున్రి, నేను పట్టుకుంట."

"అక్కర్లేదు."

"షాపు ముంగట ఒక్క రౌండ్ కొట్టున్రి మేడం. ఎక్కి సూడకుంట చెప్పు గూడ కొనరు ఎవరూ."

"నాకు అలవాటే."

"గట్లనా" అన్నాడు. ఆ మూడక్షరాల మధ్య ఎంత స్థలం ఉందో, అందులో నా నెలరోజుల చదువంతా పట్టింది.

కొత్తది కాదు, ఎవరో రెండు నెలలు తొక్కి అమ్మేసింది. అయినా నేను దాచుకున్నదంతా అయిపోయింది. బిల్లు రాస్తూ అడిగాడు: "ఇంటికి తొక్కుకుంటనే పోతరా?"

"ఆటోలో."

"నాచారమే గద మేడం."

"ట్రాఫిక్" అన్నాను.

ఆటోలో సగం సైకిల్ బయటికి. హబ్సిగూడ దాకా ప్రతి బైకువాడూ నన్ను చూసి ఏదో చెప్పబోయాడు.

అదే రోజు, రాత్రి భోజనాలయ్యాక

డాడీ చేతులు వెనక్కి కట్టుకుని దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"స్టాండ్ ఏది?"

"ఉండదు డాడీ."

"క్యారియర్?"

"ఉండదు."

"మడ్‌గార్డ్‌లు గూడ పీకిన్రు. బెల్లు గూడ లేదు. సగం సైకిల్ ఇచ్చి పూరా పైసలు తీస్కున్నడా ఏంది వాడు?"

ఇరవై రెండేళ్ళు ఒకే మొద్దు సైకిల్ మీద తిరిగిన మనిషికి సైకిల్ అంటే మోసేది. మీద బస్తా వేయలేని దాన్ని ఆయన ఎందుకు గౌరవిస్తాడు.

అప్పుడు బ్లెస్సన్ వచ్చాడు. ఐదడుగుల పది. అడగకుండానే ఎక్కి కూర్చున్నాడు. కాలు నేలకు సరిగ్గా ఆనింది, చేతులు హ్యాండిల్ మీద సరిగ్గా వాలాయి. "అక్కా, ఇది నా సైజే. నాకోసమే తెచ్చినవా?"

మమ్మీ కళ్ళు తుడుచుకుంది. "జీతం దాచి తమ్మునికి తెచ్చింది సూడు" అని డాడీకి చెప్పింది.

నాకోసం అని చెప్పాను. వాళ్ళకు వినబడలేదు. గట్టిగా చెప్పలేదేమో.

మార్చి 9, ఆదివారం

అందరూ చర్చికి పోయాక తలనొప్పి అని ఉండిపోయాను. తలుపు గడియ పెట్టి, గోడ పట్టుకుని ఎక్కాను. నేల అందలేదు. హ్యాండిల్ అందలేదు. దిగడానికి ఇరవై నిమిషాలు పట్టింది.

మార్చి 10

తప్పు మమ్మీది. చిన్నప్పటినుంచీ నాకు అన్నీ ఒక సైజు పెద్దవే కొన్నారు. యూనిఫాం, బూట్లు, క్రిస్మస్ ఫ్రాకు. "పెరుగుతది గద" అని. నాకు సరిపోయే వస్తువు ఎలా ఉంటుందో నాకెలా తెలుస్తుంది. ఇది దామోదర్ సర్ ముందు నోరుజారిన విషయం కాదు, పెంపకం.

మమ్మీ గల్లీ అంతా చెప్పేసింది. రేపు మా ఇంట్లో కాటేజ్ ప్రేయర్. ఈస్టర్‌కు ముందు శ్రమకాలం నలభై రోజులూ రోజుకొక ఇంట్లో సాయంత్రం ప్రార్థన పెడతారు, రేపు మా వంతు. పనిలో పని, సైకిల్‌కు కూడా ప్రార్థన చేయిస్తుందట. మా వాళ్ళు మిక్సీ కొన్నా ప్రార్థన చేయించందే ఆన్ చేయరు.

రైడ్‌కు ఇంకా ఆరు రోజులు. తొమ్మిది టికెట్లు.

మార్చి 11, మంగళవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను. రేపు నేనే దీన్ని మార్చుకుంటానని నాకు తెలుసు.

పది అడుగుల హాల్లో ఇరవై రెండు మంది. గుమ్మం దగ్గర చెప్పుల గుట్ట. పాటలయ్యాయి, వాక్యం అయింది, బ్రెడ్డు ముక్కలూ చాయ్ అయ్యాయి. అందరం గల్లీలోకి వచ్చాం. సైకిల్‌కు బ్లెస్సన్ పొద్దున్నే రిబ్బన్ కట్టాడు. పక్కింటి సారలమ్మ నిమ్మకాయ తెచ్చి టైరు కింద పెట్టింది. "మీ ప్రార్థన మీరు జేస్కోన్రి పీటరన్నా, నా నిమ్మకాయ నేను పెడ్త. రెండు కల్సి పనిజేస్తయ్" అంది డాడీతో. పాస్టర్ ఆరోన్ గారు ఆకాశం వైపు చూశారు. నిమ్మకాయ కనబడకుండా ఉండాలంటే అదొక్కటే దిక్కు.

ఆయన సైకిల్ సీటు మీద చేయి వేసి మొదలుపెట్టారు. "ప్రభువా, నీ దాసుడైన బ్లెస్సన్‌కు నీవు దయచేసిన ఈ వాహనమును కాపాడుము. అతని రాకపోకలందు తోడుండుము. అతని సహోదరి ప్రేమను జ్ఞాపకము చేసుకొనుము."

ఆ సహోదరి కళ్ళు తెరిచే ఉంది.

ఆమెన్ అయింది. మా దగ్గర ప్రార్థనయ్యాక బండి యజమాని మొదటి రౌండ్ కొట్టాలి, అందరూ చప్పట్లు కొట్టాలి. "పో నాయనా బ్లెస్సన్, ఒక రౌండ్ కొట్టు" అన్నారు పాస్టర్ గారు. బ్లెస్సన్ కాలు ఎత్తాడు.

"అది నాది" అన్నాను.

మమ్మీ నా మోచేయి పట్టుకుంది. "మెల్లగ."

"నాదే. నాకోసం కొన్నాను. శనివారం కూడా చెప్పాను."

బ్లెస్సన్ కాలు దించాడు. వాడి ముఖం చూడలేదు. ఇప్పుడు రాస్తుంటే కనబడుతోంది.

పాస్టర్ గారు తొణకలేదు. "మంచిదే తల్లీ. ఎవరి పేరున అడిగినా ఇచ్చేటాయనకు తెలుస్తది. అయితే నువ్వే కొట్టు రౌండ్."

కాలు బెణికిందని చెప్పొచ్చు. గాలి లేదనొచ్చు. సైకిల్ హెల్మెట్ రాలేదు, రూలు ఒప్పుకోదనొచ్చు. మూడూ మంచివే. మూడూ నాలుక దాకా వచ్చాయి. కాని ఆ మూడింటి వెనక ఆదివారం నాలుగోది కావాలి, ఆ తర్వాత ఐదోది, నేను చచ్చేదాకా ఎవరు సైకిల్ మాటెత్తినా ఒకటి.

"నాకు తొక్కడం రాదు."

సారలమ్మ అడిగింది: "రాకపోతె ఎందుకు కొన్నవ్ బిడ్డా?"

"వస్తదని ఆఫీసులో చెప్పిన."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. డాడీ మాత్రం నవ్వలేదు. "నేర్పుమని నన్ను ఎప్పుడన్న అడిగినవా?" అన్నాడు.

"అడిగిన."

"ఎప్పుడు?"

ఇది రాస్తూ గంట నుంచి వెతుకుతున్నాను. ఆడపిల్లకెందుకు అన్న మాట ఎవరన్నారో గుర్తు రావడం లేదు. గోడ మీద కూర్చుని బ్లెస్సన్‌కు సెకన్లు లెక్కపెట్టడం గుర్తుంది. అడిగినట్టే గుర్తు. అడగలేదు.

"మరి రౌండ్ ఎట్ల?" అంది మమ్మీ. ఆమె దిగులు దానిమీదే. ప్రార్థన చేసిన బండి కదలకుండా ఉండకూడదట.

"నడిపించుకుంట పో తల్లీ" అన్నారు పాస్టర్ గారు. "తొక్కుమని ఎక్కడ రాసి లేదు."

పోయాను. నిమ్మకాయ టైరు కింద చితికింది. నేను దాచుకున్నదంతా పెట్టి కొన్న సైకిల్‌ను బర్రెను తోలుకుపోయినట్టు తోలుకుంటూ గల్లీ చివరిదాకా పోయి వచ్చాను. ఇరవై రెండు మంది చప్పట్లు కొట్టారు. మా టీమ్ కంటే బాగా కొట్టారు.

మార్చి 12

దామోదర్ సర్ గదికి పోయి, తలుపు వేసి, నిలబడే చెప్పాను. సైకిల్ రాదు, రెజ్యూమెలో రాసింది కాపీ, లీడ్ చేయలేను.

"తెలుసు" అన్నాడు.

"ఎప్పటినుంచి సర్?"

"ఇంటర్వ్యూ నుంచి. తొక్కేవాళ్ళని గాలి ఎంతని అడిగితే నంబర్ చెప్తారు. ఫుల్ అని ఎవరూ చెప్పరు."

"మరి ముందు వరసలో ఎందుకు వేశారు?"

"ఎప్పుడు చెప్తావో చూద్దామని."

దీన్ని మేనేజ్‌మెంట్ అంటారు. చదువుకున్న మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, నెలరోజులు ఒక ఆడపిల్ల నీళ్ళలో కొట్టుకుంటుంటే గట్టు మీద కూర్చుని గడియారం చూసుకున్నాడు. గోడ మీద కూర్చుని సెకన్లు లెక్కపెట్టడం ఎలా ఉంటుందో నాకూ తెలుసనుకోండి.

"నా కన్ఫర్మేషన్ సర్?"

"దానికీ సైకిల్‌కీ సంబంధం లేదమ్మా. నీ పని చూసి రాస్తాను." ఆ మాటకు నేను సంతోషించాను. ఆలోచించకుండా.

మార్చి 13

సైకిల్‌ను మళ్ళీ ఆటోలో ఉప్పల్ తీసుకెళ్ళాను. ఈసారి బ్లెస్సన్ వెంట వచ్చాడు. దిగేటప్పుడు అన్నాడు: "నాకు వద్దక్కా. కాని ఒక్కసారన్న తొక్కనియ్యాల్సుండె."

షాపు ముందు వాడికిచ్చాను. స్టేడియం వైపు పోయాడు. నేను లెక్కపెట్టలేదు. చాలాసేపటికి వచ్చాడు. "మస్తుంది" అన్నాడు. తిరిగి ఇచ్చేశాడు. వాడి స్థానంలో నేనుంటే ఇచ్చేదాన్ని కాదు.

"పెద్దగయ్యింది" అన్నాను మహిపాల్‌తో.

అతను నవ్వకుండా ఉండటానికి పెన్సిలు కొరికాడు. "తొక్కుడు వస్తదా మేడం మీకు?"

"రాదు."

"గీ ముచ్చట మొన్ననే చెప్తే పోతుండె గదా."

దానికి బదులు నలభై తొమ్మిది సైజుది ఒకటి దించాడు. రంగు బాగాలేదు, పాత పసుపు, దవాఖానా గోడల రంగు. ఎక్కమన్నాడు. షాపులో పిల్లల సైకిల్ కొనడానికి వచ్చిన రెండు కుటుంబాలు చూస్తుండగా, ఒక చేత్తో గల్లాపెట్టె పట్టుకుని ఎక్కాను. రెండు పాదాల వేళ్ళూ నేలకు తగిలాయి. హ్యాండిల్ వచ్చి చేతుల్లో కూర్చుంది.

ఇలా ఉంటుందన్నమాట.

మహిపాల్ స్పానర్ తెచ్చి పెడళ్ళు రెండూ విప్పి కవర్లో వేసి నా చేతిలో పెట్టాడు. "వారం దినాలు గివి పెట్టొద్దు. కాళ్ళతోని నేలను తన్నుకుంట పోన్రి. నిలుపుకునుడు వచ్చినంక పెడల్ పెట్టుకోవచ్చు."

స్టాండ్ లేదు, క్యారియర్ లేదు, బెల్లు లేదు. ఇప్పుడు పెడళ్ళూ లేవు. డాడీకి ఏమని చెప్పాలి.

మార్చి 16, ఆదివారం

రైడ్. నాకిచ్చిన పని అరటిపళ్ళు, నీళ్ళ సీసాలు. స్టేడియం గేటు ముందు, పొద్దున ఐదున్నరకు. సీటు దగ్గర మెత్త కుట్టిన నిక్కర్లలో నలభై మంది మగాళ్ళు బాతుల్లా నడుస్తూ వచ్చి ఒకరి సైకిల్ బరువు ఒకరు వేలితో ఎత్తి చూసుకున్నారు. సైకిల్ కంటే పొట్ట పది రెట్లు బరువున్నవాడు కూడా గ్రాముల గురించే మాట్లాడాడు.

మానస సాయం వచ్చింది. దాని ఆఫీసు టేబుల్ మీద నిన్నటినుంచి మనీప్లాంట్ ఉంది. "ఎందుకైనా మంచిది" అంది.

వాళ్ళు కదిలి వరంగల్ రోడ్డు ఎక్కేటప్పుడు గొలుసులన్నీ కలిసి వాన మొదలైనట్టు చిన్న చప్పుడు చేశాయి. నేను అరటి తొక్కలు ఏరుతున్నాను. ఆ చప్పుడు పోయేదాకా తలెత్తలేదు.

మార్చి 23, ఆదివారం

నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఆదివారం కంపెనీలు బంద్. డాడీ కంపెనీ వెనక రోడ్డు ఖాళీగా ఉంటుంది. ఆయనే తీసుకెళ్ళాడు. నేర్పుతాడనుకున్నాను. చాయ్ బండి బల్ల మీద కూర్చుని, కాలు మీద కాలేసుకుని, బిస్కెట్ ముంచుకుంటూ అరిచాడు: "చక్రం దిక్కు ఏం సూస్తున్నవ్, అదెక్కడికి పోతది. ముంగట సూడు."

చాయ్ బండాయన అడిగాడు: "పెడల్ లేని సైకిల్ ఏందన్నా?"

"నా బిడ్డది. కిస్తులల్ల వస్తుంది" అన్నాడు డాడీ.

మార్చి 25

మోచేయి.

మార్చి 27

మోకాలు. అదే గుంత.

మార్చి 31, సోమవారం

లెటర్ వచ్చింది. ఉంచలేదు, పంపలేదు. ప్రొబేషన్ మూడు నెలలు పొడిగించారు. కారణం: ఫిబ్రవరి, మార్చిలో నలభై ఒక్క టికెట్లు ఆలస్యం.

"సైకిల్‌కీ దీనికీ సంబంధం లేదన్నారు కదా సర్."

దామోదర్ సర్ స్క్రీన్ నావైపు తిప్పాడు. ఆఫీసు సిస్టంలో నేను తెరిచిన పేజీల జాబితా. ఫోర్కులు, పళ్ళు, బ్రేకు వైర్లు, పది సలహాలు. కిందికి జరుపుతూనే ఉన్నాడు, అయిపోలేదు. "లేదనే అనుకున్నాను" అన్నాడు.

ఆ అబద్ధం బయటపడితే ఉద్యోగం పోతుందని నెలరోజులు వణికాను. అబద్ధాన్ని ఎవరూ పట్టించుకోలేదు. దాన్ని కాపాడటానికి చేసిన కష్టమే నన్ను పట్టించింది.

మమ్మీకి చెప్పాను. "మూడు నెలలిచ్చిండు గద, స్తోత్రం" అంది. ఈవిడకు తుపాను వచ్చినా బట్టలు ఉతికే పని తప్పిందని స్తోత్రమే.

ఈరోజు మిగిలిన టికెట్లు: సున్నా.

ఏప్రిల్ 6, ఆదివారం

పొద్దున చర్చి అయ్యాక బ్లెస్సన్ పెడళ్ళు బిగించాడు. బల్ల మీద డాడీ, పక్కన బ్లెస్సన్, చేతిలో ఫోను. సెకన్లు లెక్కపెడతానన్నాడు. వద్దన్నాను. స్తంభాలు లెక్కపెట్టమన్నాను.

కంపెనీ గేటు నుంచి పదకొండు కరెంటు స్తంభాలు, కాలు కింద పెట్టకుండా. పన్నెండోదాన్ని గుద్దాను. దాన్ని అక్కడ ఎవరు పాతారో గాని, బొత్తిగా బుద్ధి లేదు.